రెండు దెబ్బల తర్వాతే కరెంటు

2 జులై 2007, సోమవారం. భద్రాచలం

లాడ్జి గదికి కిటికీ ఉంది, కిటికీకి తలుపు లేదు. మేనేజర్‌ని అడిగితే "గాలొస్తది మేడం" అన్నాడు, అదేదో నాకోసం ప్రత్యేకంగా చేయించినట్టు. గాలితో పాటు బస్టాండు మొత్తం లోపలికి వస్తోంది.

రావు దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "వనజా, ఇరవయ్యో తారీఖుకల్లా ఏఈ సంతకం పట్టుకుని వచ్చెయ్యాలమ్మా. ఆగస్టు పదిహేనున మంత్రిగారు వచ్చి బటన్ నొక్కుతారు." ఈ వెంకటేశ్వరరావు మా కంపెనీకి యజమాని, నాకు బాసు, ఎలక్ట్రానిక్స్‌కి శత్రువు. వాగులో నీళ్లెంతున్నాయో కొలవడానికి పిల్లల ఆటబొమ్మలో ఉండే చిప్పు చాలు. ఈయన ఎఫ్‌పీజీఏ అనే పెద్ద చిప్పు పెట్టించాడు. ఎవరిదో ఆగిపోయిన ప్రాజెక్టులో ఒక పెట్టెడు మిగిలితే చవగ్గా దొరికాయట. మూడేళ్లుగా ఆ పెట్టెకు పనులు వెతకడమే నా ఉద్యోగం.

ఎర్రవాగు చప్టా దగ్గర ఒక గది, ఒక స్తంభం, దాని మీద సైరన్. పోయినేడు వరదలో చప్టా దాటుతూ జనం కొట్టుకుపోయాక పెట్టారు. వాగు పెరిగితే సైరన్ మోగాలి, ఇటు పాలగూడెం, అటు తండా వాళ్లు చప్టా ఎక్కకూడదు. జూన్‌లో వాగు మూడుసార్లు పెరిగింది. మూడుసార్లూ సైరన్ నోరు మెదపలేదు. పచ్చ దీపం మాత్రం హాయిగా వెలుగుతోందట.

ఇదే బోర్డు హైదరాబాదు ల్యాబులో నలభై రోజులు తుమ్మకుండా, దగ్గకుండా పనిచేసింది. సర్టిఫికెట్ కూడా వచ్చింది. కాబట్టి ఇక్కడ ఎవరో వేలు పెడుతున్నారు. ఆ వేలు ఎవరిదో పట్టుకోవడమే పని.

3 జులై

రవీందర్ అని ఇరిగేషన్ ఏఈ. తన జీపులో తీసుకెళ్లాడు. గ్రూప్ వన్ ఎంత కొద్దిలో తప్పిపోయిందో దారంతా చెప్పాడు. నేను అడగలేదు.

గది తలుపు తీయగానే కనిపించినవి ఎండుమిరపకాయలు. నా బోర్డున్న ఇనప్పెట్టె మీద చాట, చాటలో మిరపకాయలు. సైరన్ స్తంభం నుంచి కిటికీ ఊచ దాకా దండెం, దాని మీద చీర. అన్నిటికీ యజమానురాలు భీమక్క. వాగులో పాతిన రంగుగీతల రాయి చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో గంటకోసారి నోటుబుక్కులో రాసే మనిషి. యాభై ఉంటాయి. పాలగూడెం కోయవాళ్లావిడ. నన్ను చూసి లేచి నిలబడలేదు, కూర్చోమనీ అనలేదు.

"మిరపకాయలు గీడ ఎందుకు పెట్టినవ్?" అన్నాడు రవీందర్.

"పెట్టె ఎచ్చగుంటది సారూ. జల్ది ఎండుతయ్."

మూడేళ్ల నా పని, ప్రభుత్వ టెండరు, చివరికి మిరపకాయలకు పనికొచ్చాయి.

రవీందర్ అడిగాడు కాబట్టి చెప్పాను. ఈ పెద్ద చిప్పుకి సొంతంగా ఏమీ రాదు. ఏం నేర్పితే ఆ యంత్రమవుతుంది. కాకపోతే కరెంటు పోగానే నేర్పిందంతా మర్చిపోతుంది. కరెంటు వచ్చినప్పుడు పక్కనున్న చిన్న మైక్రోప్రాసెసర్ తన మెమరీలోంచి పాఠం మొత్తం తీసి, ఒక్కో బిట్టు చొప్పున దానికి ఎక్కించాలి. కాన్ఫిగర్ చెయ్యడమంటే అదే. మూడు సెకన్ల పని. అంతా ఎక్కితే పెద్ద చిప్పు "డన్" అనే పిన్ను పైకి లేపుతుంది. అది చూసి మైక్రోప్రాసెసర్ పచ్చ దీపం వెలిగిస్తుంది. అక్కణ్ణుంచి నీళ్లను కొలవడం, సైరన్ మోగించడం పెద్ద చిప్పు పని.

రవీందర్ తలాడించాడు. ఆడించిన తీరు చూస్తే ఆయన డన్ పిన్ను లేవలేదని తెలిసిపోతోంది.

మూలనుంచి భీమక్క అంది: "మర్చిపోతే, మర్చిపోయిన అని చెప్తదా అది?"

గేజి చదివేవాళ్లకు కూడా జవాబులు చెప్తూ పోతే నా పని ఎప్పుడవుతుంది?

4 జులై

రోజంతా పరీక్షించాను. బోర్డు బాగుంది. సైరన్ బాగుంది. ఇక్కడి టీ బాగాలేదు.

5 జులై

సాయంత్రం బస్సు రాలేదు. రాదని అందరికీ తెలుసట, నాకెవరూ చెప్పలేదు. తండా నుంచి బద్యా అనే ఆయన ట్రాక్టరు వస్తే ఎక్కాను. వాగు పక్కన రెండెకరాలు, ఒక మోటారు ఉన్నాయట. భార్య ద్వాలి వెనక ట్రాలీలో ఎరువు బస్తాల మీద కూర్చుంది. నేను మడ్‌గార్డు మీద, ప్రాణం అరచేతిలో పెట్టుకుని.

"గా పెట్టెల ఏముంది మేడం?" అని మొదలుపెట్టాడు. దారి గడవాలి కాబట్టి చిప్పు సంగతి చెప్పాను.

"అంటే కరెంటు పోయినప్పుడల్ల మల్ల ఒకటో తరగతేనా?"

వెనక ద్వాలి పడీపడీ నవ్వింది. "మా ఆయన గూడ గంతే మేడం. సంతకు తోలితే ఏం తెమ్మన్ననో అన్నీ మర్చిపోతడు. బెల్లం దెమ్మంటే బ్యాటరీలు తెచ్చిండు."

బద్యా కూడా నవ్వాడు. రోడ్డు చూడకుండా వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. నా మూడేళ్ల పని వీళ్లకు సంతలో చెప్పుకునే ముచ్చటైపోయింది.

బస్టాండు దగ్గర దింపి, వద్దంటున్నా రెండు మొక్కజొన్న కంకులు చేతిలో పెట్టాడు. లాడ్జిలో కాల్చుకోవడానికి పొయ్యి ఎక్కడుంది? మేనేజర్‌కి ఇచ్చేశాను.

8 జులై, ఆదివారం

దొరికింది. వెళ్లేసరికి భీమక్క లేదు, సంతకు పోయింది. గది తాళం వేసుంది, నా దగ్గర రెండో తాళంచెవి ఉంది. పచ్చ దీపం వెలుగుతోంది. పరీక్ష బటన్ నొక్కితే సైరన్ మోగలేదు. పెట్టెను పూర్తిగా ఆపి, టీ తాగి వచ్చి, మళ్లీ పెడితే మోగింది. జూన్ నోటుబుక్కు చూశాను. సైరన్ మోగని మూడు రోజుల్లో రెండు ఆదివారాలే. సంతకు పోయేముందు ఈవిడ ఏదో చేసి పోతోంది. ఎందుకు అని అడక్కూడదు. ఇలాంటివాళ్లు చేసే పనులకు ఎందుకు అనేది ఉండదు.

9 జులై

రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకున్నాను.

మధ్యాహ్నం గాలివాన, లైను మీద కొమ్మ పడి కరెంటు పోయింది. నేను చప్టా అవతల సెన్సర్ దగ్గరున్నాను. తిరిగొచ్చి చూస్తే భీమక్క గడపలో కూర్చుని ఉంది, ఒళ్లో ఫ్యూజు. గోడ మీది బోర్డులోంచి పీకి, కొంగులో పెట్టుకుని, ఎదురింటి బల్బు వైపు చూస్తోంది.

"ఏం చేస్తున్నావ్?"

"ఫీజు పీకిన మేడం. లైన్‌మన్ దూలయ్య దెబ్బలు కొడ్తడు."

"ఏ దెబ్బలు?"

"కరెంటు దెబ్బలు. రెండుసార్లు ఇచ్చి తీస్తడు. మూడోసారి ఇచ్చిందే నిలుస్తది. గప్పుడు పెడ్త. దెబ్బల మీద పెడితే నీ పెట్టె ఖరాబైతది."

"ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? జూన్ల చూసిన. పచ్చగ వెలుగుతది గానీ కుయ్యదు. పోయినసారి వచ్చిన మెకానిక్‌కు చెప్తే నవ్విండు."

నేనూ నవ్వేదాన్నే, ఒళ్లు మండకపోతే. ప్రభుత్వం వారి పరికరానికి కరెంటు ఎప్పుడివ్వాలో ఈవిడ ఎదురింటి బల్బు చూసి నిర్ణయిస్తుందట. జూన్ నెల చరిత్ర మొత్తం అర్థమైంది. ఎప్పుడు పడితే అప్పుడు ఫ్యూజు పీకితే ఏ చిప్పు మాత్రం బతుకుతుంది?

గట్టిగా తిట్టాను. నా సూట్‌కేసు తాళం తీసి ఆ ఫ్యూజు బోర్డుకి వేశాను. తాళంచెవి నా పర్సులో ఉంది.

"ఇగ నీ ఇష్టం మేడం" అంది. అని మిరపకాయల చాట తీసుకుని వెళ్లిపోయింది.

10 జులై

రావుకి ఫోన్‌లో చెప్పాను. "శభాష్! లోకల్ ట్యాంపరింగ్ అని రిపోర్టు రాసెయ్యమ్మా." రాసేశాను.

11 జులై

పచ్చ దీపం. సైరన్ మోగలేదు.

12 జులై

ఈరోజు రెండుసార్లు. తాళం వేసింది వేసినట్టే ఉంది. మీటరు పెట్టి డన్ పిన్ను కొలిచాను. సున్నా. పైన పచ్చ దీపం వెలుగుతోంది, కింద డన్ సున్నా. ఇలా జరగడానికి వీల్లేదు.

దూలయ్యని పిలిపించాను. ఈ నాలుగు ఊళ్లకూ లైన్‌మన్. బీడీ కాలుస్తూ వచ్చి, నన్ను చూసి ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. దెబ్బల కథేమిటని అడిగాను.

"మంది చేతులు తియ్యాలె గద మేడం" అన్నాడు. "కరెంటు పోయిందంటే చాలు, చెలకల్ల మోటర్ల స్టార్టర్లు ఇప్పుకొని కూసుంటరు. ఇండ్ల లైను వేరే, మోటర్ల లైను వేరే. కొమ్మ తీసినంక ముందుగాల ఇండ్ల లైను ఇస్త. పది అంకెలు లెక్కబెట్టి తీస్త. మల్ల పది లెక్కబెట్టి ఇస్త, గట్లనే మల్ల తీస్త. బల్బు రెండుసార్లు ఆరిందంటే ఇండ్లల్ల ఆడోళ్లు కేకేస్తరు, దెబ్బ పడ్డదీ అని. గా కేక చెలకల దాక పోతది. అందరు చేతులు తీస్తరు. గప్పుడు ఇండ్ల లైను నిలిపి మోటర్ల లైను ఇస్త. ఎన్మిది ఏండ్ల కింద ఒక పిలగాడు పోయిండు. అప్పటి సంది గిట్లనే."

మోటారు దగ్గర మెయిన్ స్విచ్ అనేది ఒకటుంటుందని వీళ్లకు ఎవరూ చెప్పలేదా? అడిగాను. ఉండేవట, తుప్పు పట్టి పోయాయట. అంటే ఒక స్విచ్ కొనడానికి బద్ధకించి, నాలుగు ఊళ్ల ఆడవాళ్లు బల్బుల వైపు చూస్తూ కూర్చుంటారు. ఇదీ వీళ్ల సేఫ్టీ సిస్టం.

కానీ నాకు సంగతి తెలిసిపోయింది. దూలయ్య ఇంకా మాట్లాడుతుండగానే తెలిసింది.

చివరి కొలత పోకుండా దాచుకోవడానికని మైక్రోప్రాసెసర్‌కి నేనో కెపాసిటరు పెట్టాను. కరెంటు పోయినా అది అరనిమిషం బతికుంటుంది. పెద్ద చిప్పుకి ఆ భాగ్యం లేదు. మొదటి దెబ్బకి పాఠం ఎక్కుతుంది, డన్ లేస్తుంది, "పాఠం అయిపోయింది" అని మైక్రోప్రాసెసర్ గుర్తు పెట్టుకుంటుంది. పది అంకెలు కరెంటు లేదు. పెద్ద చిప్పు అంతా మర్చిపోతుంది. మైక్రోప్రాసెసర్ మాత్రం పోలేదు, దాని గుర్తు అలాగే ఉంది. మళ్లీ కరెంటు వచ్చినా, ఎక్కించాను కదా అని ఊరుకుంటుంది. పచ్చ దీపం వెలిగించేది కూడా అదే.

ల్యాబులో ఆపినప్పుడల్లా టీకి వెళ్లేదాన్ని. పది అంకెలు లెక్కపెట్టి పెట్టడం ఎవరికి తోస్తుంది?

డన్ ఇంకా పైనే ఉందా అని మళ్లీ చూసే ఒక్క లైను ఉంటే సరిపోయేది.

భీమక్క ఫ్యూజు పీకి సరిగ్గానే... సరే. గుడ్డిగా చేసిన పని ఒక్కోసారి కలిసొస్తుంది.

13 జులై

మా ఆఫీసులో జూనియర్ జయరాజ్ గుర్తొచ్చాడు. మార్చిలో నా ప్రోగ్రాం రివ్యూ చేసినప్పుడు, చేరి ఆరు నెలలు కాలేదు, చెయ్యెత్తి "మేడం, డన్ పిన్ను ఒకసారి చూస్తే సరిపోతుందా? మధ్యలో పడిపోతే?" అన్నాడు. "ఎక్కిన పాఠం దానంతటది దిగిపోదు జయరాజ్, అది నీ ఇంటర్ కెమిస్ట్రీ కాదు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

ఇప్పుడు ఆ లైను రాస్తే వెర్షన్ మారుతుంది. మారితే సర్టిఫికెట్ చెల్లదు, మళ్లీ నలభై రోజుల పరీక్ష. రావు గుండె ఆగిపోతుంది. ఇది పూర్తిగా సర్టిఫికెట్ సమస్య. జయరాజ్‌తో ఏమీ సంబంధం లేదు.

అసలు తప్పు ఎవరిదో చూడాలి. కరెంటు ఇస్తే ఇవ్వాలి, లేకపోతే లేదు. ఇచ్చి తీసి, ఇచ్చి తీసి ఆడుకోవడానికి అదేమన్నా పిల్లల దీపమా? ఏ దేశంలో ఏ పరికరమైనా దీన్ని తట్టుకోదు.

తట్టుకుంటుంది. ఒక లైను.

కానీ తట్టుకోవాల్సిన అవసరం ఎందుకు?

14 జులై

కరెంటు ఆఫీసు సారుకి కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఉత్తరం ఇచ్చాను. అనధికారిక పద్ధతిలో కరెంటు ఇవ్వడం వల్ల ప్రభుత్వ వరద పరికరం దెబ్బతింటోందని. "ప్రభుత్వ" అన్న చోట ఆయన వేలు ఆగింది. తల గోక్కున్నాడు. ఇంగ్లీషు ఉత్తరానికి ఇక్కడ ఇంకా ఇంత మర్యాద ఉందని మర్చిపోయాను. మా కూసుమంచిలోనూ అంతే. పొలం గొడవకి మా నాన్న ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకోవడానికి ఖమ్మం దాకా వెళ్లేవాడు.

17 జులై

దూలయ్యకి మెమో వచ్చింది. దాన్ని చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"మెమో ఇచ్చిండ్రు మేడం. ఇగ దెబ్బలు కొట్టొద్దట. సరే. గానీ నాలుగైదు రోజులు ఆగుండ్రి. పాలగూడెంల చెప్పిన. తండల, అవతలి గూడేలల్ల చెప్పలే. ఆదివారం సంతకు అందరొస్తరు, డప్పు కొట్టిచ్చి చెప్త. గప్పుడు ఆపుదం."

ఇరవయ్యో తారీఖు శుక్రవారం. సంతకం ఆరోజే. సంత ఇరవై రెండున.

"మెమోలో ఆదివారం అని ఉందా?" అన్నాను.

"లేదు మేడం."

"మరి?"

బీడీ చెవి మీంచి తీసి, మళ్లీ చెవి మీదే పెట్టుకుని వెళ్లిపోయాడు.

భీమక్క అంతా విని, దండెం మీది చీర మడతపెడుతూ అంది: "నీ పెట్టె దెబ్బలకు ఆగదని ఊర్లకు దెబ్బ ఆపిచ్చినవా మేడం? ఇదేం ఇంజినీరు పని?"

ఈవిడ నన్ను నువ్వు అంటుందని మొదటి రోజు నుంచీ రాద్దామనుకుంటున్నాను.

20 జులై

సంతకమైంది!

దూలయ్యతో ఇండ్ల లైను పదిసార్లు తీయించి పెట్టించాను. ఒక్కోసారి పది నిమిషాలు ఆపి, దెబ్బలు లేకుండా నేరుగా. పదిసార్లూ డన్ లేచింది, సైరన్ మోగింది. పదోసారికి చప్టా మీద గేదెలు బెదిరి వాగులోకి దూకాయి. రవీందర్ మెచ్చుకోలుగా చూస్తూ సంతకం పెట్టాడు. దేని మీద పెట్టాడో చదవలేదు. చదివినా తేడా లేదు.

సోమవారం ఉదయం బస్సుకి టికెట్ తీసుకున్నాను. ఆదివారం ఒక్కరోజు గోదావరి చూసుకుని పోతాను. ఈ మూడు వారాల్లో ఇక్కడ నాకు నచ్చింది అదొక్కటే. అది ఎవరి మాటా వినదు.

21 జులై

బద్యా చనిపోయాడు.

22 జులై

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి గాలివాన. తండా పక్కన లైను మీద చెట్టు పడింది. దూలయ్య వెళ్లి నరికించి లైను కట్టాడు. బద్యా మోటారు దగ్గర స్టార్టర్ విప్పుకుని కూర్చున్నాడు, కరెంటు లేనప్పుడు అందరూ చేసే పనే. దూలయ్య ఇండ్ల లైను ఇచ్చాడు. తియ్యలేదు. మెమో ఉంది కదా. తర్వాత మోటర్ల లైను ఇచ్చాడు.

దూలయ్యని సస్పెండ్ చేశారు. హెచ్చరిక లేకుండా ఇచ్చాడని.

మోటారు దగ్గర మెయిన్ స్విచ్ అనేది ఒకటుంటుందని వీళ్లకు ఎవరూ

రావు ఫోన్ చేశాడు. చెప్పాను. "మన స్టేషన్ పనిచేసిందా?" అన్నాడు. పనిచేసిందన్నాను. "అది చాలమ్మా. ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. రేపు బస్సెక్కి వచ్చెయ్." ఆయన్ని అసహ్యించుకుందామని చూశాను. ఆయన అన్నమాట పొద్దుటి నుంచీ నేనూ అనుకుంటున్నదే.

స్టేషన్‌కి వెళ్లాను. ఎందుకెళ్లానో తెలియదు. భీమక్క లేదు, తండాకి పోయింది. మైక్రోప్రాసెసర్ దాచిన లాగ్ చూశాను. నిన్న మధ్యాహ్నం రెండూ నలభై ఏడు నిమిషాల తొమ్మిది సెకన్లకి కరెంటు. పన్నెండో సెకనుకి కాన్ఫిగరేషన్ పూర్తి, డన్ పైకి. ఒక్క తప్పు లేదు. ఇంత అందంగా అది ఎప్పుడూ పనిచెయ్యలేదు.

బద్యా రెండూ నలభై ఎనిమిదికి పోయాడంటున్నారు.

23 జులై

బస్సు ఎక్కలేదు.

కరెంటు ఆఫీసుకి ఉత్తరం రాశాను. తెలుగులో. మొదటిసారి రాసిన దాంట్లో "పరిస్థితుల ప్రభావం వల్ల" అని వచ్చింది. చింపేశాను. రెండో దాంట్లో "సాంకేతిక కారణాల వల్ల" అని వచ్చింది. అదీ చింపేశాను. మూడోది నాలుగు వాక్యాలు. పరికరంలో తప్పు నాది. అది తెలిసీ దిద్దకుండా దెబ్బలు ఆపించమని నేనే అడిగాను. ఆదివారం దాకా ఆగమని దూలయ్య చెప్పాడు, నేను వినలేదు. ఆయన తప్పేమీ లేదు.

ఆఫీసులో ఇవ్వమని రవీందర్ చేతిలో పెడితే చదివాడు. ఈసారి నిజంగా చదివాడు, రెండుసార్లు. "ఇది ఇస్తే మీ ఉద్యోగం పోతది మేడం. కేసు గూడ అయితది."

"ఇవ్వండి."

"నా సంతకం గూడ ఉన్నది గదా మేడం టెస్టు కాగితం మీద" అన్నాడు. మూడు వారాలుగా ఈ మనిషిని చవట అన్నట్టు రాస్తూ వచ్చాను. అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, జీపెక్కి, కరెంటు ఆఫీసు వైపే తిప్పాడు.

జయరాజ్‌కి ఫోన్ చేశాను. "నువ్వడిగింది నిజం" అన్నాను. ఏమడిగానని అన్నాడు. వాడికి గుర్తే లేదు.

24 జులై

పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి ప్రోగ్రాం దిద్దాను. మైక్రోప్రాసెసర్ ఇప్పుడు సెకనుకోసారి డన్ పిన్నుని చూస్తుంది. పడిపోయి ఉంటే గుర్తు చెరిపేసి, పాఠం మొదటి నుంచి ఎక్కిస్తుంది. ఫ్యూజు బోర్డు తాళం తీసి, భీమక్కని ఫ్యూజు తియ్యి, పది లెక్కపెట్టి పెట్టు, మళ్లీ తియ్యి, మళ్లీ పెట్టు అన్నాను. చేసింది. సైరన్ మోగింది. ఆవిడ నా మొహం వైపు చూడలేదు. "తండకు పోతవా?" అని మాత్రం అడిగింది. పోతానన్నాను. "నేను తోడు రాను" అంది.

నడిచే వెళ్లాను. చప్టా దాటితే రెండు కిలోమీటర్లు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను. విచారం, బాధ్యత, కంపెనీ తరఫున, ఇలాంటి మాటలు చాలా పోగయ్యాయి. ఒక్కటీ నోట్లో ఇమడలేదు. భయం వేసింది. కొడతారని మాత్రం కాదు.

ద్వాలి ఇంటి ముందు అరుగు మీద ఉంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. ట్రాక్టరు పక్కన ఆగి ఉంది, ట్రాలీ విప్పలేదు. నన్ను గుర్తుపట్టింది.

"పెట్టె మేడం గదా నువ్వు?"

"అవ్."

"బల్బు దిక్కే చూసుకుంట కూసున్న మేడం" అంది. ఏడుపు లేదు, గొంతు బొంగురుపోయి ఉంది. "కేకేద్దమని. వెలిగింది. ఆరుతదని చూస్తున్న. ఆరితె ఒకటి లెక్క. మల్ల వెలిగి ఆరితె రెండు. గప్పుడు కేకెయ్యాలె. అది ఆరనే లేదు. వెలుగుతనే ఉన్నది. నేను చూసుకుంటనే ఉన్న. ఎందుకు ఆరలేదు మేడం?"

"నేనే ఆపిచ్చిన" అన్నాను.

నా నోట్లోంచి అలాగే వచ్చింది, మా ఊరి మాటలో. పదేళ్లయింది నేనలా మాట్లాడి.

"ఎందుకు?"

"నా పెట్టెల తప్పుండె. దాన్ని దిద్దుకోవాలె. దిద్దుకోకుండ దెబ్బలు ఆపిచ్చిన."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో.

"ఇప్పుడు దిద్దినవా?"

"పొద్దుగాల దిద్దిన."

"ఎంతసేపు పట్టింది?"

అబద్ధం చెప్పొచ్చు. వారం అనొచ్చు, నెల అనొచ్చు, నలభై రోజులు అనొచ్చు. ఆమెకు తెలియదు. ఇక్కడెవరికీ తెలియదు.

"పదకొండు నిమిషాలు" అన్నాను.

ద్వాలి వెనక్కి తిరిగి ఆ మాట వాళ్ల భాషలో ఆడవాళ్లకు చెప్పింది. చివర కూర్చున్న ముసలామెకు సరిగా వినపడలేదేమో, చెవి ముందుకు పెట్టి మళ్లీ అడిగింది. ద్వాలి మళ్లీ చెప్పింది.